కేకు పొంగే అద్దం

డిసెంబరు, రెండో శనివారం. గాజువాక.

టీవీలో కేకుల పోటీ వస్తే అత్తయ్య చేతిలో పని వదిలేస్తుంది. నాకేమో ఒళ్లు మంట. వాసన రాదు, తినడానికి లేదు, ఆ కేకుల్ని చూడటమేమిటి? పైగా ఎవరు గెలిచినా ఆవిడకి పట్టదు.

ఈరోజు ఒకమ్మాయి ఓవెన్ ముందు గొంతుక్కూర్చుని అద్దంలోంచి లోపలికి చూస్తోంది. అత్తయ్య కూడా ముందుకు వంగింది.

"అంత కళ్లప్పగించి ఏటి సూత్తన్నారు అత్తయ్యా?"

"పొంగడం సూత్తన్నానమ్మా. ప్రతి క్రిస్మస్‌కీ పిండి కలిపి, గిన్నె బేకరీలో ఇచ్చీసి వచ్చీడమే గదా. నా కేకు పొంగడం నానెప్పుడూ సూడనేదు."

రేపు పిండి ఇచ్చేటప్పుడు, ఆవిడని ఓవెన్ దగ్గర నిలబడనివ్వమని బేకరీ అతన్ని అడుగుదామనుకున్నాను. ఇది రాస్తుంటే గుర్తొచ్చింది, ఆ ఓవెన్‌కి ఉన్నది ఇనప తలుపు.