ఎర్ర గుడ్డ ముక్క

అక్కా, ప్రాణానికేం ఢోకా లేదు, ముందే చెబుతున్నాను.

నా కాలి ఎముకలో చీము ఆరేదాకా మందు నరంలోకే ఎక్కించాలట. అందుకని చేతికి సన్నటి గొట్టం ఉంచేసి ఇంటికి పంపారు. పూటపూటా నర్సమ్మ వచ్చి మందు ఎక్కిస్తుంది. నిన్న చొక్కాకి కాజాలు కుడుతుంటే మోచేతి దగ్గర తెల్లగా దారం వేలాడుతూ కనిపించింది. అలవాటుకొద్దీ కత్తెర పెట్టాను. అది గొట్టం. నీ మరిది గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. "దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుందిలే" అని నవ్వాడు గానీ, కత్తెర ఎక్కడ దాచాడో ఇప్పటికీ చెప్పడం లేదు. నాకూ అడగాలంటే భయంగానే ఉంది.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఎర్ర గుడ్డ ముక్క ఒకటి పంపు, గొట్టానికి చుట్టుకుంటాను. అమ్మకి మాత్రం చెల్లి కుట్టుపనిలో పడిందని చెప్పి ఊరుకో. పిల్లలకి దీవెనలు.

పోయిన కార్డులో నా పెద్ద కత్తెర పంపమన్నాను కదా, పంపకు.

నీ చెల్లి