దారిలోకి వచ్చిన మెట్లు

మిల్లు నుంచి రాంగనే ముందుగాల మన ఇంటి ముంగటి మెట్లు పలగ్గొట్టు. మొత్తం పలగ్గొట్టు, రేపు సూద్దామనకు. ఫోన్ ఎత్తుతలేవని రాస్తున్న.

వెనకింటి ఏసుబాబన్న పొద్దున చనిపోయిండు. సాయంత్రం పెట్టె ఈ దారిలనే పోవాలె. రెండు దిక్కుల మనుషులు పట్టుకొని మోస్తరు, మెట్లుంటే సందు సరిపోదు.

గుండెల నొప్పి అంటే అంబులెన్స్ వచ్చింది గానీ మన మెట్ల కాడ్నే ఆగింది. అన్నను కుర్చీల కూసోబెట్టి మోసుకొచ్చిన్రు. బండి ఎక్కకముందే పాణం పోయింది. గ్రేసక్కనే మెట్ల మీద ఉన్న నీ చెప్పులు తన చేతులతోని పక్కకు పెట్టి మొగనికి దారి చేసింది.

గోడ మీదికెల్లి పక్క ప్లాటులకు దించుదమని కోదాడ నుంచి వచ్చిన సుట్టాలు అనుకుంటున్రు. మనిషిని దొంగసొత్తు లెక్క గోడ దాటిస్తరా?

ప్లాటు పంచుకున్ననాడు దారి ఇద్దరిదీ అన్నది నువ్వే. మెట్లు ముందుకు జరపొద్దని నేను మొత్తుకుంటే, "వాళ్లకేమన్న కార్లున్నయా" అన్నది గూడ నువ్వే.

అన్నం కుక్కర్ల ఉన్నది. నేను అక్క దగ్గర ఉంట. నువ్వొచ్చి ఆమెకు ఏం చెప్పకు, పని చెయ్యి.

రజని

గడ్డపార లేదనకు, బాత్‌రూం ఎనక ఉన్నది. ఏసుబాబన్నదే. ఈ మెట్లకు పునాది తవ్వేటప్పుడు ఆయననే తెచ్చిచ్చిండు.