ఒక్క గోలుకే దాక్కునే జట్టు

పురట్టాసి నెల, పెరుమాళ్ల శనివారం, రాత్రి

నోరు తెరిచి ఎవరినీ తిట్టడం నాకు చేతకాదు. అందుకే ఇవాళ కలం పట్టాను.

పొద్దున పెరుమాళ్లకు పిండిదీపం పెట్టి, మా కోయంబత్తూరు ఫుట్‌బాల్ జట్టు గెలవాలని ఒక్కపొద్దు ఉన్నాను. విరామానికి ముందే గోలు కొట్టారు. స్టేడియంలోనే చేతులెత్తి దండం పెట్టాను. అంతే, మా జట్టు కోచ్ గోలు కొట్టినవాడినే బయటికి పిలిచేసి, మిగిలినవాళ్లందరినీ మా గోల్‌పోస్టు ముందు గోడలా నిలబెట్టాడు. ప్రతి ఆటలోనూ ఇదే పిరికితనం. చివరికి రెండు గోల్స్ ఇచ్చి ఓడిపోయారు.

ఇంటికొచ్చి అరిటాకు ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. మా ఆయన నవ్వారు.

“ఏమే, నీ పెరుమాళ్లు గూడ చెయ్యి విడిచేసినాడా?”

“స్వామి గోలు ఇచ్చినాడు. దాన్ని పెట్టుకోని దాక్కోమని చెప్పలేదు.”

“అయితే వచ్చే శనివారం దీపం ఆ కోచ్‌కే పెట్టు, పో!”

నాకు నవ్వు రాలేదు. ఇలాంటివాళ్ల కోసమా దేవుడి ముందు దీపం పెట్టాను అని కడుపు మండింది. ఇక వాళ్ల పేరు చెప్పి మొక్కనని స్వామి పటం ముందు ఒట్టు వేయబోయాను. చాచిన చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

పెరుమాళ్లూ, ఈ కాగితం నీ పటం వెనకే ఉండనీ. మా ఆయన కంట పడనీయకు. ఆ ఒట్టు వేయలేకపోయానని తెలిస్తే జన్మంతా నవ్వుతారు.