ఓనరు చుక్క, నీ చుక్క

మునీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మీ క్యాబుల ఓనరు సొంత విమానం ఎక్కడ ఎగురుతున్నదీ ఇన్నాళ్లూ ఎవరైనా ఫోనులో చూడగలిగేవారు. తన రాకపోకలు ఊరందరికీ ఎందుకని ఆయన మొరపెట్టుకుంటే, మ్యాపులో ఆ విమానాన్ని చూపే చుక్కను తీసేశారట. మీ పాప ఫోనులో వెతికి, "దాచేసినారు పెద్దనాయనా, ఏడా కనబళ్ళేదు" అంది.

"అన్నా, ఈడ నేను టీకి ఆగితే ఆడ ఆఫీసులో నా చుక్క ఆగిపోతాది. ఉచ్చకు కూడా పర్మిషనే!" అని క్యాబు నడిపే రోజుల్లో నువ్వు నవ్వేవాడివి.

షోళింగనల్లూరులో గుండె నొప్పితో నువ్వు బండి పక్కకు ఆపిన రోజు కూడా వాళ్లు చుక్కను చూస్తూనే ఉన్నారు. ఎందుకు ఆగావని ఫోను మీద ఫోను చేశారు. నువ్వు ఎత్తకపోతే, ట్రిప్పు చెడకుండా ఇంకో డ్రైవరును పంపారు. అంబులెన్సును పిలిచింది అతనే. అప్పటికే నువ్వు లేవు.

మీ అన్న