మేక తల మీద శఠగోపం

అమ్మా సంధ్యా,

ఫోన్లలో నన్ను తిడుతున్నారని భయపడకు. నేనూ మీ నాయనమ్మా బాగానే ఉన్నాం.

శనివారం గుడిలో నా కళ్లజోడు కనబడలేదు. వరుసలో తల వంచిన వాళ్లందరికీ శఠగోపం పెట్టుకుంటూ పోయాను. చివరిది మేక అని మీ నాయనమ్మ చెబితేగాని తెలియలేదు. అప్పటికే ఎవరో వీడియో తీశారు. సగంమంది గుడి మైలపరిచానని తిడుతున్నారు. మిగతా సగం మేకలో దేవుణ్ణి చూసిన మహాత్ముడినని ఆలేరు నుంచి వచ్చి మరీ కాళ్లు మొక్కుతున్నారు.

మీ నాయనమ్మ మాత్రం, "నలభై ఏండ్లాయె, నాలో ఎన్నడన్న గట్ల దేవున్ని చూసిండ్రా?" అంటున్నది.

ఉన్న సంగతి చెబుతానంటే కమిటీ పెద్ద నరహరి వద్దన్నాడు. "అయ్యగారూ, కండ్లు కానస్తలేవంటే వేరే అయ్యగారిని తెమ్మంటరు. జర మహాత్మునిలెక్కనే ఊకోండ్రి."

పూజ పోతే నాకు పొద్దు గడవదు. అయినా అబద్ధానికి మొక్కించుకోలేను. నీ ఫోన్లో జరిగింది జరిగినట్టు రాయి తల్లీ.

నిన్న ఆ మేక మళ్లీ వచ్చి వరుసలో నిలబడింది. కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను. తల వంచింది కదా, పెట్టాను.

ఇది మాత్రం రాయకు.

మీ తాత