ఎవరో తిప్పుతున్నారు

నవంబర్ 2, ఆదివారం

హాల్లో గోడకు కొత్త దేవుడు వెలిశాడు. గుండ్రంగా, నల్లగా, అరచేతిలో పట్టేంత. మా ఇంజనీరు, అంటే నా మొగుడు, నీటి సరఫరా ఆఫీసులో పంపుల సంగతి చూసే మనిషి, పొద్దున్నే స్టూలెక్కి పాత థర్మోస్టాట్‌ను ఊడబెరికి దీన్ని బిగించాడు. ఇల్లంతా వెచ్చబెట్టే బాయిలర్ నుంచి వచ్చే వైర్లు నాలుగే అనుకున్నాడట, ఐదోది బయటపడింది. దాన్ని ఎక్కడ తగిలించాలో వీడియోల్లో వెతుకుతూ అన్నం చల్లార్చుకున్నాడు.

దీని పేరు స్మార్ట్ థర్మోస్టాట్. మనం ఎప్పుడు లేస్తాం, ఎప్పుడు బయటికి వెళ్తాం, ఎంత వెచ్చగా ఉంటే మనకు బాగుంటుంది, అన్నీ చూసి నేర్చుకుంటుందట. కొన్నాళ్ళు మనం తిప్పితే చాలు, తర్వాత దానంతట అదే తిప్పుకుంటుందట. ఇంట్లో మనుషుల అలవాట్లన్నీ రాసుకుని ఎక్కడో ఉన్న కంపెనీకి పంపే వస్తువును మనమే కొని, మనమే స్క్రూలు బిగించి, దాన్ని సదుపాయం అంటామా అని అడిగాను. రేడియేటర్లు వేడెక్కడానికి మన బతుకు దానికి ఎందుకు తెలియాలి అని అడిగాను. స్టూలు గట్టిగా పట్టుకో, ఊగుతోంది అన్నాడు.

కూతురు తన ఫోన్లో ఆప్ పెట్టుకుంది. నాకూ పెడతానంది. నా ఫోన్లోకి అది రాదు, నా చెయ్యి దాని మీద పడదు అని అందరి ముందూ చెప్పాను. అమ్మ మేనిఫెస్టో విడుదలైంది, పత్రికా విలేకరులకు టీ ఇవ్వండి అంది అది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ఆ నల్లదాన్ని దగ్గరగా చూసి, దీనికి ముల్లు లేదేంట్రా అని కొడుకును అడిగింది.

నవంబర్ 5, బుధవారం

పేపర్‌కు ఈ వారం నా కాలమ్ పంపాను. 'మీ గోడ మీద గూఢచారి'. ఎడిటర్ రెండు వాక్యాలు తీసేస్తానన్నాడు. మంచి వాక్యాలే ఎంచుకున్నాడు. పోట్లాడి ఒకటి నిలబెట్టుకున్నాను.

నవంబర్ 10, సోమవారం. ఉదయం పదకొండు

తిప్పాను.

అబద్ధం చెప్పడానికి ఇక్కడ ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను. బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటుంటే మొదలైంది. గుండెల దగ్గర పుట్టి, మెడ మీదుగా చెవుల వెనక్కి పాకింది. కళ్ళజోడు మసకేసింది. వీపు మీద బట్ట తడిసి అతుక్కుంది. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసుకుని పాల కోసం వెతుకుతున్నట్టు నిలబడ్డాను. చాలలేదు. ఇల్లంతా ఇరవై రెండు డిగ్రీల్లో హాయిగా మరుగుతోంది. హాల్లోకి వెళ్ళి ఆ గూఢచారి చెవి పట్టుకుని పదిహేడుకు మెలిపెట్టాను. టిక్ టిక్ మంటూ ఎంతో మర్యాదగా తిరిగింది. మెచ్చుకున్నట్టు చిన్న పచ్చ లైటు వెలిగించింది. దాని మెప్పు కోసమే చేశాను మరి.

మూడేళ్ళ కిందట మెనోపాజ్ మీద వరసగా నాలుగు కాలమ్‌లు రాశాను. ఆ మాటను ఇళ్ళల్లో పైకి అనాలని, గుసగుసగా చెప్పుకునే ప్రతి మాటా ఆడదాని మీద వేసిన పన్నేనని రాశాను. సభల్లో చదివి వినిపించాను. చప్పట్లు కొట్టారు. ఇంట్లో మాత్రం ఆ మాట నా నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు. పోయిన వేసవి నుంచి ఒంట్లో ఈ పొయ్యి రగులుతూనే ఉంది, పక్కన పడుకునే మనిషికి చెప్పలేదు.

ఎందుకు? సిగ్గు కాదు. సిగ్గుంటే సభల్లో ఎలా మాట్లాడతాను. సభలో అది వాదన, గెలవొచ్చు. ఇంట్లో అయితే నన్ను చూసి జాలిపడతారు. లేకపోతే, అదా, అని టీవీ వైపు తిరుగుతారు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ భయమో నాకే తెలియడం లేదు.

ఇప్పుడు అదనంగా గూఢచారిని ముట్టుకున్న సంగతి కూడా చెప్పుకోవాలి. కాలమ్ అచ్చయి వారం కాలేదు.

నవంబర్ 14, శుక్రవారం

మళ్ళీ. రోజూ అదే వేళకు. వాళ్ళొచ్చేలోపు, మూడింటికి, మళ్ళీ ఇరవై రెండుకు తిప్పేస్తున్నాను.

నవంబర్ 19, బుధవారం

ఇవాళ నేను కుర్చీలోంచి లేవకముందే రేడియేటర్ చల్లబడింది.

మొదట అర్థం కాలేదు. పదకొండవుతోంది, మెడ దగ్గర మొదలైంది, లేచి హాల్లోకి వెళ్ళాను. అప్పటికే పదిహేడు అని ఉంది. తనే తగ్గించుకుంది. నేర్చుకుంది.

చాలాసేపు దాని ముందు నిలబడ్డాను. మా ఇంట్లో నా ఒంటి సంగతి మొదట తెలిసింది దీనికి. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఉన్న మనిషికి తెలియలేదు, నేను కన్న పిల్లకు తెలియలేదు, గోడకు తగిలించిన ప్లాస్టిక్ డబ్బాకు వారం రోజుల్లో తెలిసిపోయింది. థాంక్స్ అనబోయి నోరు మూసుకున్నాను.

నాతో నేనే వాదించుకున్నాను, ఇంకెవరున్నారు. దానికేం తెలియలేదు. ఈ ఇంట్లో పదకొండింటికి వేడి వద్దంటున్నారని తెలిసింది, అంతే. ఎవరికి వద్దో, ఎందుకు వద్దో దానికి అక్కర్లేదు. కనిపెట్టడం వేరు, పట్టించుకోవడం వేరు. కంపెనీలు ఈ రెండూ ఒకటేనని నమ్మించి సరుకు అమ్ముతాయి. సరే. మా ఆయన రెండోది చెయ్యలేదు, నిజమే. మొదటిది చేసే అవకాశం అతనికి నేనిచ్చానా? ఫ్రిజ్ ముందు పాలు వెతుకుతూ నిలబడే మనిషిని చూసి ఎవరైనా పాలే అనుకుంటారు.

ఈ పేరా కాలమ్‌కు పనికిరాదు.

నవంబర్ 24, సోమవారం

అత్తగారికి నాలుగు రోజులుగా దగ్గు. ఆమె గది హాలును ఆనుకునే ఉంటుంది. మధ్యాహ్నం చూస్తే రెండు దుప్పట్ల కింద ముడుచుకుని ఉంది, ముక్కు ఒక్కటే బయట. సాయంత్రం కొడుకు రాగానే, పగలు ఈ కొంప ఐసు పెట్టెలా ఉంటోందిరా, మీరంతా వచ్చే వేళకు బుద్ధిగా వెచ్చబడుతుంది అని చెప్పింది.

ఇంజనీరు ఆప్ తీశాడు. రోజూ పదకొండింటికి గీత కిందికి జారి, మూడింటికి మళ్ళీ పైకి లేస్తోంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అవతలి అమ్మాయి జలుబు గొంతుతో, సార్, డివైస్ సొంతంగా ఏమీ చెయ్యదు సార్, మీ ఇంట్లోవాళ్ళు ఏది అలవాటు చేస్తే అదే చేస్తుంది అంది. ఫోన్ల నుంచి మార్చలేదట. గోడ దగ్గరే చేత్తో తిప్పారట. ఇతను, మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరండీ అన్నాడు. ఎవరో ముట్టుకుంటున్నారు సార్, ఇంకేమైనా సహాయం కావాలా సార్ అంది.

ఫోన్ పెట్టేసి, ఎవరో తిప్పుతున్నారు అన్నాడు మెల్లగా. కూతురి వైపు చూశాడు. ఆ వేళకు నేను కాలేజీలో నిద్రపోతుంటాను నాన్నా, నాకు సాక్షులున్నారు అంది అది. అతను నా వైపు చూడనైనా చూడలేదు. ఎందుకు చూస్తాడు. నా చెయ్యి పడదని అందరి ముందూ చెప్పాను, పేపర్లో ఫొటోతో సహా చెప్పాను. నా సిద్ధాంతమే నా తరఫున సాక్ష్యం చెప్పి నన్ను విడుదల చేయించింది.

ఇక ఇంట్లో మిగిలింది ఒక్క మనిషే.

నవంబర్ 25, మంగళవారం

చిన్నపిల్లను అడిగినట్టు అడిగాడు. అమ్మా, హాల్లో ఆ నల్లటిది ఉంది చూడు, దాన్నేమైనా తిప్పుతున్నావా అని.

ఆమె కొడుకును చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత, అవున్రా, గడియారం ఆగిపోయిందేమోనని తిప్పుతున్నాను అంది.

వంటింట్లోకి వచ్చి నాతో, మతిమరుపు మొదలైనట్టుంది అన్నాడు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. తరుగుతూనే ఉన్నాను.

నవంబర్ 28, శుక్రవారం

నేర్చుకున్నదంతా చెరిపేసి థర్మోస్టాట్‌కు తాళం పెట్టాడు. నాలుగంకెల పిన్ కొడితేగాని తిరగదు. ఇవాళ పదకొండింటికి పెరటి కిటికీ తీసుకుని తల బయటపెట్టి నిలబడ్డాను.

అంతకంటే పెద్ద సంగతి, ఆడపడుచుతో మాట్లాడాడు. వాళ్ళ ఊళ్ళో ఇంత చలి ఉండదు. జ్ఞాపకశక్తి పరీక్షలు చేసే డాక్టరు కూడా వాళ్ళింటికి దగ్గరేనట. ఈ ఆదివారం తీసుకెళ్ళి దించి వస్తాడట, చలికాలం పోయేదాకా, అవసరమైతే ఆ తర్వాత కూడా. కూతురు గొడవపెట్టుకుంది. నా పరీక్షల తేదీలు నానమ్మకు నాకంటే బాగా తెలుసు, మతిమరుపు ఏంటి, మీ ఇద్దరూ పెళ్ళిరోజు మర్చిపోతే గుర్తుచేసేది ఆవిడేగా అంది. గడియారానికి, దీనికి తేడా తెలియని మనిషి రేపు గ్యాస్ తిప్పి మర్చిపోతే ఏం చేస్తావే అన్నాడు అతను. దానికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

అప్పుడు నేను లేచాను. కన్నతల్లిని వదిలేసి ఆప్‌ను నమ్మడం మొదలుపెడితే ఇళ్ళు ఇలాగే తయారవుతాయి అన్నాను. ముసలివాళ్ళ మాటను రోగలక్షణంగా మార్చేస్తున్నారన్నాను. బాగా మాట్లాడాను. అతను తల దించుకున్నాడు. ఆప్ చెప్పింది నిజమే. అబద్ధం చెప్పింది అతని తల్లి. అది నా కోసం చెప్పింది.

నవంబర్ 29, శనివారం. మధ్యాహ్నం

ఆమె గదికి వెళ్ళాను. మంచం మీద పెట్టె తెరిచి బట్టలు సర్దుకుంటోంది. ఎందుకు చెప్పారలా అని అడిగాను. మాట గట్టిగానే వచ్చింది.

కూర్చో అమ్మాయ్ అంది. ఆ ఫ్రిజ్‌లో తల పెట్టి నువ్వెంతసేపు నిలబడతావో వేసవి నుంచీ చూస్తూనే ఉన్నాను, పాల ప్యాకెట్‌కు అంత వెతుకులాట ఏముంటుంది అంది. తన రోజుల్లో బట్టలు మేడ మీద ఆరేసేవారట. ఒంట్లో ఆవిరి పట్టినప్పుడల్లా ఆరిపోయిన బట్టలే మళ్ళీ బకెట్లో వేసుకుని పైకి వెళ్ళి మళ్ళీ ఆరేసేదట, గాలి తగులుతుందని. ఇంట్లో ఎవరూ అడగలేదా అన్నాను. మా అత్తగారు మాత్రం నీకు ఉతుకుడు పిచ్చి పట్టిందే అనేది అని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. మంచినీళ్ళిచ్చాను.

దానికి పేరుందా అని అడిగింది. చెప్పాను. ఒకసారి నోట్లో అనుకుని చూసుకుని, మేం వేడి చేసింది అనేవాళ్ళం, చన్నీళ్ళు తాగి పడుకోమనేవాళ్ళు అంది.

నేను రేపు పొద్దున్నే చెప్పేస్తానన్నాను. వద్దంది. నేను ముసలిదాన్ని, మతిపోయిందన్నా చెల్లుతుంది, నీకు నలుగురిలో పేరుంది, ఆ గోడమీదిదాన్ని తిట్టి పేపర్లో వేశావు, వాడు చదివి ఆఫీసులో కూడా చూపించుకున్నాడు, ఇప్పుడు నువ్వే తిప్పావంటే నవ్వుతారు అంది. మీ అమ్మాయి దగ్గర మీకు బాగుంటుందా అని అడిగాను. ఒక చీర మడత విప్పి మళ్ళీ అలాగే మడతపెట్టింది. కాసేపటికి, అక్కడ ఎవరూ ఇంత గట్టిగా పోట్లాడుకోరు, ఏం తోస్తుంది అంది.

నా పేరు కోసం ఈ మనిషి తన మతిని తాకట్టు పెట్టింది. ఇలాంటి త్యాగాల మీద ఇరవై ఏళ్ళుగా నిప్పులు కక్కుతున్నాను. ఒక ఆడదాని పరువు ఇంకో ఆడదాని నోటికి తాళం వేస్తోందని ఎన్నిసార్లు రాశానో. ఇప్పుడు అదే త్యాగం నా చేతిలో పడితే ఎంత మెత్తగా, ఎంత వెచ్చగా ఉంది.

నవంబర్ 30, ఆదివారం

బస్సు పదింటికి. ఎనిమిదింటికి అందరం టీ తాగుతున్నాం. చెప్పాను.

ఉపన్యాసంలా రాలేదు. థర్మోస్టాట్ తిప్పింది నేను అన్నాను. రోజూ తిప్పాను, అత్తయ్య చెప్పింది అబద్ధం, నాకు మెనోపాజ్, వేసవి నుంచి, పదకొండింటికి ఎక్కువగా వస్తుంది, ఒళ్ళు కాలిపోతుంది. ఇంతే. కప్పు కింద పెట్టేటప్పుడు సాసర్ అంచుకు తగిలి టీ ఒలికింది.

ఇంజనీరు మొదట అన్న మాట, మరి దాన్ని ముట్టుకోనన్నావుగా అని. తర్వాత ఎన్ని డిగ్రీలైతే నీకు బాగుంటుంది అని. పళ్ళు కొరికాను. అతను ఒలికిన టీ గుడ్డతో తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. నువ్వు రాసినవి నాలుగూ చదివాను, ఎవరో ఆడవాళ్ళ గురించి అనుకున్నాను అన్నాడు.

నేను కూడా అలాగే రాశాను అన్నాను.

తల్లి వైపు తిరిగి, నాతో అబద్ధమెందుకు ఆడావమ్మా అన్నాడు. నువ్వు అడిగింది నన్నేగా, కోడల్ని అడగలేదుగా అందామె. ఇద్దరు ముద్దాయిలు, అన్యాయంగా తాళం పడింది థర్మోస్టాట్‌కు అని కూతురు నవ్వబోయి, నవ్వు సగంలో ఆపేసి, నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడింది. నా మెడ మీద జుట్టు పైకెత్తి పట్టుకుంది. అలాగే పట్టుకుంది.

పది దాటింది. బస్సు వెళ్ళిపోయే ఉంటుంది. సర్దిన బట్టలు మళ్ళీ ఎవరు తీస్తారు, నాకు ఓపిక లేదు అంది అత్తగారు. కొడుకే తీశాడు. చీరలు తప్పుగా మడతపెడుతున్నావని అరగంట తిట్లు తిన్నాడు.

డిసెంబర్ 2, మంగళవారం

పిన్ తీసేశాడు. అత్తగారి గదిలో రేడియేటర్‌కు విడిగా వాల్వ్ ఉందని ఇంజనీరు గారికి ఇన్నాళ్ళకు గుర్తొచ్చింది. దాన్ని పూర్తిగా తెరిచి, మిగతావి తగ్గించాడు. తలుపు వేసుకుంటే ఆ గది వెచ్చగా ఉంటోంది. దగ్గు కాస్త తగ్గింది. ఆప్ మాత్రం నా ఫోన్లో పెట్టనివ్వలేదు. నా అభిప్రాయం మారలేదు. ఆ వస్తువు ఇంకా గూఢచారే.

కాలమ్‌కు కూర్చున్నాను. మొదటి వాక్యం 'స్త్రీలు' అని మొదలైంది. కొట్టేసి 'నేను' అని రాశాను. తర్వాతి మాట ఇంకా రాలేదు.

డిసెంబర్ 6, శనివారం

ఇవాళ చలి బాగా ముదిరింది. హాల్లో పదిహేడు.

అందరూ స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నారు, నేను తప్ప. ఎవరూ దాన్ని పైకి తిప్పలేదు.