హారిక ఉపవాసాలు

ఫిబ్రవరి 8, ఆదివారం

మలంచా బజారులో టైలరు దగ్గరికి హారికని తీసుకెళ్ళాను. మాతాపూజకి పసుపు చీర, దాని మీదికి జాకెట్టు. ఈసారి ఊరేగింపులో అమ్మవారి ఘటం ఎత్తుతానంది. పదిహేనేళ్ళకే అంత భక్తి అని వాళ్ళ నానమ్మ సంబరం ఇంతా అంతా కాదు. బెంగాలీ టైలరు దాదా టేపు చుట్టి, నావైపు చూసి నవ్వాడు. "దీదీ, మీ అమ్మాయికి ఇంక మీటరు గుడ్డ సరిపోదు." షాపులో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

ఎందుకు నవ్వానో తెలీదు. మర్యాదకి కాబోలు. అది నవ్వలేదు. ఆటోలో దారి పొడుగునా చున్నీ లాక్కుంటూనే ఉంది.

ఫిబ్రవరి 9

అన్నం వద్దట. కడుపు నిండుగా ఉందట. ఏం తిని?

ఫిబ్రవరి 12

ఆఫీసులో డబ్బాలు విప్పేసరికి ఒకటే మాట — ఎవరు తగ్గారు, ఎవరు పెరిగారు. కొత్తగా చేరిన అమ్మాయి ఏదో పొడి నీళ్ళలో కలుపుకుని తాగుతోంది. అదే భోజనం. నన్ను చూసి, "మీకింక ఎందుకులెండి మేడం" అంది. దయ తలిచింది పాపం.

బడిలో నన్ను ఇంజన్ అనేవాళ్ళు. నలుపుకీ లావుకీ కలిపి ఒకటే పేరు. ఈ రైల్వే ఊరి పిల్లలకి వేరే పోలిక ఎక్కడ దొరుకుతుంది? ఒకసారి టీచరు కూడా అంది, క్లాసంతా పడీ పడీ నవ్వింది. బొగ్గు ఇంజన్లు పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఎవరైనా వెనక నుంచి నవ్వితే నన్ను చూసే అనుకుంటాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

హారిక ఉపవాసం. ఘటం ఎత్తేవాళ్ళు నిష్ఠగా ఉండాలట. అత్త మురిసిపోతోంది. "నీకు రాని బుద్ధి నీ కూతురికి వొచ్చినాది సూడు" అంది నాతో. సరే, పోనీ. తొమ్మిదో తరగతి లెక్కల మీద కూడా ఇంత నిష్ఠ ఉంటే బాగుండు.

ఫిబ్రవరి 20

శుక్రవారం కూడానట.

మార్చి 1, ఆదివారం

ఎదురింటి పార్వతి వచ్చింది. చూపులో తక్కెడ పెట్టుకుని తిరిగే మనిషి. "వదినా, మన హారిక ఏటి ఇలగ సన్నబడిపోనాది? బాగుందిలే, మొహానికి కళొచ్చినాది. ఇంకొంచెం తగ్గితే సరిపోద్ది."

పక్కనే మా ఆయన, బొజ్జ మీద టీ గ్లాసు ఆనించుకుని. ఆ బొజ్జ ఆయన కంటే ముందు గుమ్మం దాటుతుంది. ఇదే పార్వతి ఆయన్ని చూసి "సుఖపడిన ఒళ్ళు మా అన్నది" అంటుంది. నాది మాత్రం నోరు కట్టుకోలేని ఒళ్ళు. ఇద్దరం ఒకే కుండలో అన్నం తింటాం.

మార్చి 9

నిన్నటి మహిళా దినోత్సవం ఇవాళ చేశారు ఆఫీసులో. ఆడవాళ్ళకి తలా ఒక గులాబీ, ఒక సమోసా. గులాబీలు అందరూ తీసుకున్నారు. సమోసా ఒక్కరూ ముట్టుకోలేదు. నేను రికార్డు రూములో నిలబడి రెండు తిన్నాను, ఫైళ్ళ వైపు తిరిగి.

మార్చి 14, శనివారం

జాకెట్టు వదులైపోయింది. మళ్ళీ మలంచా. రెండు పక్కలా కుట్టు లోపలికి వేశాడు దాదా. "ఏం మంత్రం వేశారు దీదీ?" అన్నాడు. ఉపవాసాలు అని చెప్పాను. నా గొంతులో గొప్ప నాకే వినబడింది.

ఈ పేజీకి తప్ప ఎవరికీ చెప్పను — సంతోషం వేసింది. నా కడుపున పుట్టినా నా ఒళ్ళు రాలేదు దీనికి అనుకున్నాను. దారిలో మిఠాయి కొందామంటే వద్దంది. బలవంతం చెయ్యలేదు.

మార్చి 21

దువ్వెన నిండా జుట్టు. ఈ ఊరి నీళ్ళు పడట్లేదంటుంది, పుట్టినప్పటి నుంచీ ఈ నీళ్ళే పోసుకుంటూ.

అలమరలో జనవరిలో కొన్న ప్యాడ్ల ప్యాకెట్టు విప్పలేదు. అత్తకి చెప్పాను. ఆవిడకి ముందే తెలుసు, వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటోంది. "మంచిదే కదేటే. పూజకి అడ్డు రాదు. అమ్మోరి దయ." రెండు నెలలుగా దయ.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామన్నాను హారికతో. పూజ అయ్యాక అంది. సరే అన్నాను.

మార్చి 29, ఆదివారం

ఇవాళే మాతాపూజ. జరిగింది జరిగినట్టు రాయాలి.

తొమ్మిదింటికే ఎండ మాడ్చేస్తోంది. ముందు డప్పులు, వెనక పసుపు చీరలు, నెత్తిన పసుపు నీళ్ళ ఘటాలు, వాటిలో వేపమండలు. ప్రతి గుమ్మం ముందూ ఆగడం, ఇంటివాళ్ళు కాళ్ళ మీద నీళ్ళు పోసి దణ్ణం పెట్టడం. హారిక మూడో వరసలో. నేను పక్కన గొడుగుతో. రెండు రోజులుగా పాలు తప్ప ఏమీ ముట్టలేదని అత్త వీధి వీధికీ చెబుతూ నడుస్తోంది.

క్వార్టర్స్ మలుపులో హారిక ఊగింది. అందరి కంటే ముందు నేనే చూశాను. కళ్ళు తేలేసింది. ఘటం పక్కావిడ అందుకుంది. "అమ్మోరు పూనినాది" అంది పార్వతి. అంతే, డప్పు జోరందుకుంది. కర్పూరం వెలిగించారు. పడిపోతున్న పిల్లని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని నిలబెట్టారు. పార్వతి దాని పాదాల మీద పడింది — "తల్లీ, నా కొడుక్కి ఫ్యాక్టరీలో పర్మనెంటు ఎప్పుడవుద్ది?"

హారిక పెదవులు కదిలాయి. నీళ్ళు, అంది.

"అమ్మోరు నీల్లు అడుగుతన్నాది." ఘటం నీళ్ళు ఎత్తి తల మీద కుమ్మరించారు. తాగడానికి ఒక్కరూ ఇవ్వలేదు. నా సంచీలో సీసా ఉంది.

నేనేం చేశాను? చేతులు జోడించాను. అందరితో పాటు. ఒక్క నిమిషం నమ్మాను కూడా. సన్నబడిపోవడం, జుట్టు, ఆ ప్యాకెట్టు — అంతా అమ్మవారే చేసిందనుకుంటే నా తప్పేమీ ఉండదు కదా. అది నేల మీదికి జారాక గానీ సీసా మూత తియ్యలేదు.

మార్చి 30

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఎన్నాళ్ళుగా తినట్లేదు అని హిందీలో అడిగింది. పూజకి ఉపవాసమండీ అన్నాను. "మిమ్మల్ని కాదు." హారిక నేల చూపులు. అలాగే చెప్పింది — టైలరు దగ్గరికి వెళ్ళొచ్చినప్పటి నుంచీ. బడికి కట్టిన డబ్బా రోజూ స్నేహితురాలు తింటోందట. ఉపవాసం అంటే ఇంట్లో ఎవరూ తినమనరు కాబట్టి ఉపవాసం.

ఒంట్లో రక్తం లేదు. నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఇలాగే సాగితే గుండె మీద పడుతుందంది. మందులు రాసింది, మనసు చూసే డాక్టరు పేరు కూడా రాసింది. అత్తకి ఆ రెండో చీటీ చూపించలేదు.

ఏప్రిల్ 2

ఇంటి నిండా కొబ్బరికాయలు. పార్వతి మా మెట్ల కింద చెప్పులు విడిచి వస్తోంది. హారిక కుర్చీలో, వీళ్ళంతా కింద. అత్త కుంకం పంచుతోంది. మా ఆయన్ని లోపలికి పిలిచి డాక్టరు మాట చెప్పాను. "రెండ్రోజులు పోనీ. వాళ్ళే మానేస్తారులే" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఏదీ రెండ్రోజులు పోనివ్వకుండా చెయ్యలేదు ఈ మనిషి.

హారిక మూడు చెంచాల అన్నం తింది. నేను చూస్తున్నానని.

ఏప్రిల్ 4

పార్వతికి చెప్పేశాను. అమ్మవారు కాదు పార్వతీ, ఆకలి, పిల్ల రెండు నెలలుగా తినట్లేదు అని. లెంపలేసుకుంది. "అలగనకు వదినా. నీ కడుపున పుట్టినాదని నీకు లోకువ. మాకు కాదు." పోయిన నెల ఇంకొంచెం తగ్గాలి అన్నది ఎవరు? ఆ మాటే గుర్తు చేశాను. "నానెప్పుడన్నాను?" అంది. నిజంగానే మర్చిపోయింది.

ఏప్రిల్ 6

హారిక వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"పార్వతత్తకి ఎందుకు సెప్పినావు?"

నిజం కాబట్టి అన్నాను.

"ఆ రోజు నన్ను ఒక్కలు కూడా మోటీ, లావుపిల్ల అనలేదు. కాల్లు మొక్కినారు. నువ్వు కూడా మొక్కినావు, నాను సూసినాను."

పొయ్యి వైపు తిరిగాను. పప్పు మాడింది. ఇంతకాలం దాన్ని చూసి నవ్విన వాళ్ళ లిస్టు వేసుకుంటూ వచ్చాను, నా పేరు రాయలేదు. మొదటి పేరు నాదే. పక్కింటివాళ్ళు అనకముందే, టైలరు అనకముందే — నీకు నా పోలికే వచ్చింది, ఖర్మ, అని నెత్తి మీద మొట్టిన దాన్ని నేను. దానికప్పుడు ఆరేళ్ళు. ముద్దుకే అన్నాననుకున్నాను.

ఏప్రిల్ 9

నింపురా కాలనీ వైపు నుంచి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ఆదివారం వాళ్ళ మాతాపూజ. "మీ పాప ఘటం ఎత్తితే మా లైను ఇళ్ళన్నిటికీ శుభం." అత్త నన్ను అడక్కుండానే ఒప్పేసుకుంది. హారిక తల ఊపింది. సాయంత్రం నుంచి మళ్ళీ పాలే.

కుదరదన్నాను. "అమ్మోరికి మాటిచ్చేసినాం. కాదంటే ఇంటికి మంచిది కాదు" అంది అత్త. డాక్టరు చీటీలు రెండూ ఆవిడ ముందు పెట్టాను. కళ్ళజోడు లేదంది.

ఏప్రిల్ 12, ఆదివారం. ఉదయం ఎనిమిది

గది తలుపు గడియ పెట్టాను. లోపల హారికా నేనూ. మంచం మీద పసుపు చీర, నేల మీద కంచం. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి. నింపురా వాళ్ళ ఆటో బయట నిలబడి ఉంది. అత్త తలుపు కొడుతోంది. "అమ్మీ, గడియ తియ్యి. అమ్మోరితో ఆటలా?" మా ఆయన గొంతు వినబడదు. వరండాలోకి పోయి ఉంటాడు.

ఆకలికి పడిపోయింది, అమ్మవారు కాదు, ఇవాళ రాదు — తలుపు ఇవతల నుంచే గట్టిగా చెప్పాను. ఇరవై ఏళ్ళలో అత్త మీద గొంతెత్తలేదు. మళ్ళీ కొట్టడం.

ముద్ద కలిపి పట్టుకున్నాను. నోరు తెరవలేదు. బతిమాలాను. తిట్టాను. ఏడ్చాను కూడా. పక్కకి తిరిగి కూర్చుంది, వీపు మీద ఎముకలు కనబడుతున్నాయి.

ఆఖరికి అడిగింది — "నాను తింటే మల్లీ నీలా ఐపోతాను కదా?"

ఐతే ఏం అన్నాను.

"నీలా ఉంటే బాగుంటాదా? నీ ఒల్లు నీకు ఇష్టమేనా? ఔను అని సెప్పు, ఈ కంచమంతా తినేస్తాను."

ముద్ద కంచంలో పెట్టేశాను. ఔను అనడానికి ఎంతసేపు పడుతుంది? అబద్ధాలు ఆడనిదాన్ని కాదు. కానీ అది నా మొహంలోకే చూస్తోంది, పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మొహం. తలుపు కొడుతూనే ఉన్నారు. చెయ్యి కడుక్కుని ఇది రాస్తున్నాను. అది ఇంకా చూస్తోంది.